పాతలో కలిసిన పాట

మా తమ్ముడు యువరాజ్ నాతో మాట్లాడటం మానేసింది ఇంట్లో కంప్యూటర్‌కి నేను లినక్స్ ఎక్కించిన రోజున. మానేసినందుకు నాకేమీ దిగులు లేదు. మాట్లాడిన రోజుల్లో మాత్రం వాడి నోట్లోంచి ముత్యాలేమైనా రాలాయా? "జరుగు", "అన్నం పెట్టు", "నా హెడ్‌ఫోన్ ఎవురు తీసింది" అనడానికి తప్ప ఆ నోరు తెరుచుకునేది కాదు.

కంప్యూటర్ ఒక్కటే. పగలు నాది, సాయంత్రం వాడిది. నేను ఇక్కడే, తమిళనాడు ధర్మపురిలోనే బీసీఏ చదివాను. ఒక ఆఫీసులో డేటా ఎంట్రీకి చేరాను. అక్కడి మేనేజర్ మొహం రోజూ చూడటం నా వల్ల కాక మానేశాను. అప్పటి నుంచి ఇంట్లో కూర్చొని ఒక గేమ్ తయారు చేస్తున్నాను. పాలక్కోడు మండీలో టమాటా పెట్టెలు ఎత్తుకొని, తొప్పూరు కనుమ దిగి, సేలం చేరాల్సిన లారీ. అదీ నా గేమ్.

యువరాజ్ డిప్లొమా ముగించి ఉద్యోగం వెతుకుతున్నాడు. ఆ ఉద్యోగం ఏ తుపాకుల గేమ్‌లో దాక్కొని ఉందో గాని, సాయంత్రమైతే హెడ్‌ఫోన్ తగిలించుకొని దాన్ని కాల్చేదాకా లేవడు. వాడికో టీం ఉంది. అందరూ సేలం, హోసూరు, కోయంబత్తూరు పిల్లలు. ఒకరి మొహం ఒకరు చూసింది లేదు గాని ఒకరి కోసం ఒకరు ప్రాణాలిచ్చుకుంటారు. ఇంట్లో నీళ్ల బిందె ఎత్తమంటే మాత్రం వాడికి నడుం నొప్పి.

ఇంతలో విండోస్ పదికి కాలం తీరింది. ఇక మరమ్మతులు రావని తెర మీద ఒకటే నస. కొత్త విండోస్ వేసుకుందామంటే మా మిషన్ దానికి పనికిరాదట. బాగానే నడుస్తోంది, ఒక్క రోజు మొరాయించింది లేదు, ఐనా పనికిరాదట. అలాంటి మాట ఎవరన్నా నాకు పడదు, ఎంత పెద్ద కంపెనీ అన్నా సరే. విండోస్ బదులు వేసుకునే లినక్స్ ఉచితం, పాత మిషన్‌ను చూసి మూతి విరవదు, నేను వాడే గేమ్ ఇంజన్ దాని మీద ఇంకా చురుగ్గా నడుస్తుంది. వాడికి ముందే చెప్పాను కూడా. హెడ్‌ఫోన్ తీయకుండానే "సరే సరే" అన్నాడు. ఆ సరే నాకు కాదని, గేమ్‌లో ఎవడికో చెప్పిందని తర్వాత కూశాడు.

వాడి గేములు చాలావరకు లినక్స్‌లోనూ ఆడాయి. కార్లు పరిగెత్తాయి, ఫుట్‌బాల్ గోలు పడింది. తుపాకుల గేమ్ ఒక్కటే తెరుచుకోలేదు. అందులో మోసగాళ్లను పట్టే కాపలా ప్రోగ్రాం ఒకటుంటుంది. అది విండోస్ లోపలి గదుల్లోకంటా దూరి కూర్చుంటే గాని ఆట మొదలు కానివ్వదు. లినక్స్ కనిపిస్తే తలుపు వేసేస్తుంది. పరాయివాడొకడు మన ఇంట్లో దూరి బీరువా వెతికితే గాని మనల్ని ఆటకు రానివ్వడంటే, అలాంటి ఆట మనకెందుకని నాకు తోచింది. వాడికి తోచలేదు.

"ఏం చేసినావు దీన్ని?"

"లినక్స్ ఏసినాను. చెప్పినాను గదా."

"నా గేమ్ తెరుచుకోలా."

"ఇంగొగటి ఆడుకో. ఎన్నో ఉండాయి."

"అక్కా, శనివారం మ్యాచ్ ఉండాది. నేను లేకుంటే టీం పాయె."

"పోనీ. దేశం పోయినట్ల ఏడుస్తావే."

వాడు తిన్నగా వంటింట్లోకి పోయాడు. అమ్మ గరిటె పట్టుకొని బయటికొచ్చింది. "ఒగే ఒగ పిల్లోడు ఆడుకుంటే నీకెందుకే కండ్లల్లో మంట? ముందర ఎట్లుండెనో అట్ల చేసి పెట్టు." మండీ నుంచి అప్పుడే వచ్చిన నాయన చెప్పులు విప్పుతూ, "లినక్సా? అది టౌన్లో కొత్తగా వచ్చిన కాయిలానా?" అని, అదేదో జబ్బనుకొని, అడిగాడు. నేను వెనక్కి తగ్గలేదు. వెనక్కి తగ్గేదాన్నయితే ఆ ఆఫీసులోనే ఉండేదాన్ని.

ఆ తర్వాత ఇల్లు రెండు పార్టీలయింది. వాడు ఆటకు తన స్నేహితుడు మునిరాజ్ ఇంటికి పోవడం మొదలుపెట్టాడు. తిండికి మాత్రం ఠంచనుగా వచ్చి, నా ఎదురుగానే కూర్చొని, "అమ్మా, ఆ లినక్స్‌ను చట్నీ గిన్నె ఇట్ల తొయ్యమను" అనేవాడు. నా పేరు మోహనప్రియ. వాడి పుణ్యమా అని సందులో పాలవాడు కూడా లినక్స్ అనే పిలవసాగాడు.

గేమ్ విషయం చెప్పాలి. బొమ్మలు నేనే గీశాను, కోడ్ నేనే రాశాను, కాని దాని ప్రాణం కాళియమ్మ పాటలో ఉంది. మాకు తుంబలహళ్లి దగ్గర పొలముంది. డ్యాం నీళ్లు పారే నేల. అక్కడ నాయన టమాటా పెడతాడు. కాళియమ్మ అక్కడి కాలనీలో ఉంటుంది. నేను పుట్టకముందు నుంచి మా పొలంలో కూలికి వస్తోంది. కోత రోజుల్లో ఆడవాళ్లు వరసగా నిలబడి పెట్టెలు చేతుల మీదుగా లారీకి అందిస్తూ పాడతారు. పాట ఎత్తుకొనేది కాళియమ్మ. గరుకు గొంతు, తీపి అన్నది లేదు. ఐనా ఆ పాట వింటుంటే పెట్టె బరువు మన చేతికి తెలుస్తుంది. పోయిన ఎండాకాలం పొలం గట్టు మీద కూర్చొని ఫోన్లో ఆ పాటలన్నీ రికార్డు చేసుకున్నాను. "కంప్యూటర్లో పెడతాము" అని చెప్పాను. ఆమె కూతురు సెల్వరాణి సంబరపడి తల్లి చేత ఇంకా ఇంకా పాడించింది.

లినక్స్ ఎక్కించాక వాటిని అందులో సర్ది పేరు పెట్టాను. గొడవంతా ఆ పేరులోనే ఉంది.

మా ఇంట్లో తెలుగు మాట్లాడతాం, రాయలేం. చదువంతా తమిళంలో. ఈ అక్షరాలు ఈ గొడవ ముగిశాక పంతం పట్టి నేర్చుకున్నవి. ఫోన్లో తెలుగు రాసుకోవాలంటే మాకు ఇంగ్లీషు అక్షరాలే గతి. ఒకసారి మండీలో పెట్టెల అడుగున పరచడానికి అట్టలు తక్కువ పడ్డాయి. మా వ్యాన్ నడిపే మారియప్పన్‌కి, అట్టను వెంటనే మండీకి పంపమని నేనే మెసేజ్ పెట్టాను. ఇంగ్లీషు అక్షరాల్లో అట్టకీ అత్తకీ తేడా ఏముంది? వాడు పాలక్కోడులో మా అత్త ఇంటికి పోయి, ఆమెను వ్యానెక్కించుకొని తెచ్చాడు. ఏదో శుభకార్యం అనుకొని అత్త పట్టుచీర కట్టుకొని మండీలో దిగింది. నాయన ముఖం ముడుచుకొని "నువ్వెందుకొచ్చినావు?" అన్నాడు. ఆమె మా గడప తొక్కడానికి మళ్లీ దీపావళి రావాల్సి వచ్చింది.

అప్పటి నుంచి ఇంట్లో ఒక కట్టుబాటు. త రాస్తే చిన్న టీ, ట రాస్తే పెద్ద టీ. అమ్మతో సహా అందరూ దాన్నే పాటిస్తారు.

గేమ్‌లో పనికిరాక పక్కన పడేసిన శబ్దాలకు ఒక ఫోల్డరుంది. హారన్లు, కుక్క అరుపులు, రికార్డు చేస్తుంటే మధ్యలో వచ్చిన యువరాజ్ దగ్గులు. దాని పేరు పాత, చిన్న టీతో. కాళియమ్మవి దాచిన ఫోల్డరుకు పాట అని పెట్టాను, పెద్ద టీతో. విండోస్‌కు పెద్ద అక్షరమూ చిన్న అక్షరమూ ఒకటే. ఈ పేరు ఇదివరకే ఉందని నిలదీసేది. లినక్స్ మాత్రం నోరెత్తకుండా రెండు పేర్లూ పక్కపక్కనే పెట్టుకుంది. మా తెలుగు దీనికి తెలిసిందే అని మురిసిపోయాను.

బెంగుళూరులో చిన్న చిన్న గేములు చేసేవాళ్లంతా ఒక హాల్లో బల్లలు వేసుకొని ఆడించి చూపే సభ ఒకటి జరుగుతుంది. నా గేమ్‌కి అందులో చోటు దొరికింది. అక్కడ నచ్చితే చేతిలోకి తీసుకొని లోకానికి అందించేవాళ్లుంటారు. నచ్చకపోతే నేను మళ్లీ ఏదో ఒక మేనేజర్ మొహం చూసుకోవాలి. ఆ సభ ఇంకో వారముందనగా హరూరులో మా చిన్నాయన కూతురి పెళ్లి వచ్చి పడింది. అందరం పోయాం. యువరాజ్ కడుపునొప్పని ఇంట్లో ఉండిపోయాడు.

తిరిగొచ్చేసరికి ఆ కడుపునొప్పి కుర్చీలో హాయిగా కాలు మీద కాలేసుకొని తుపాకీ పేలుస్తోంది. తెర మీద విండోస్. నా లినక్స్ ఆనవాలే లేదు.

"నీదంతా భద్రంగా డ్రైవ్‌లో పెట్టినాను," అన్నాడు, తిరిగి చూడకుండానే. "చూసుకో. ఒగటి కూడా పోలా."

అన్ని రోజుల తర్వాత వాడు నాతో మాట్లాడిన మొదటి మాట అది. డ్రైవ్ తగిలించి చూశాను. కోడ్ ఉంది. బొమ్మలున్నాయి. పాట ఫోల్డరు తెరిచి మొదటిది నొక్కాను. హారన్. రెండోది నొక్కాను. కుక్క. మూడోది నొక్కితే వీడి దగ్గు వినిపించింది.

జరిగింది అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆ డ్రైవ్‌ది విండోస్ పద్ధతే, దానికి రెండు టీలూ ఒకటే. పాట ముందు పోయింది. వెనకే పాత వచ్చింది. ఈ పేరు ముందే ఉంది, కలిపేయనా అని అడిగింది. వీడు కలిపేయమన్నాడు. లోపల రెంటిలోనూ ఫైళ్లకు ఒకటి, రెండు అని అంకెలే పేర్లు, పాతలోవే ఎక్కువ. ఉన్నదాని మీద రాసేయనా అని అడిగింది. అన్నిటికీ ఊఁ కొట్టాడు. పాట మీద పాత ఎక్కి కూర్చుంది. తర్వాత మిషన్ మొత్తం తుడిచి విండోస్ వేశాడు. కోడ్ ఒకటే నేను ఆన్‌లైన్‌లో దాచేది. శబ్దాలు బరువని, మా సందులో నెట్ ఈడ్చదని దాచలేదు. ఫోన్లోవి చోటు కోసం ఎప్పుడో తీసేశాను. పోయినవాటిని వెతికి తెచ్చే ప్రోగ్రాములు ఎన్ని నడిపినా కాళియమ్మ గొంతు ఒక్క ముక్క దొరకలేదు.

"అది అడిగింది గదరా! చదవలేదా?"

"అది అడిగేదంతా ఎవురు చదువుతారు? నువ్వు చదువుతావా?"

"నాకు ఒగ ఫోన్ చేసుంటే ఏం పోయింది?"

"మనకు మాటల్లేవు గదా."

వాడి చెవికి తగిలించిన హెడ్‌ఫోన్ లాగి గోడకేసి కొట్టాను. అది విరిగింది. అప్పుడు వాడు లేచాడు. "నీ లినక్స్ ఒప్పుకొనింది కాబట్టే ఒగే పేరు రెండుసార్లు పెట్టినావు. విండోస్ ఐతే ఆ పొద్దే ఒద్దనింటాది. తప్పు నీ మిషన్‌ది, నన్నంటావే!" మా ఇద్దరి మధ్యలోకి అమ్మ దూరకపోతే ఆ రోజు మా ఇంట్లో ఎవరికో ఒకరికి కుట్లు పడేవి.

నాయన కేకలు విని వచ్చాడు. సంగతి విన్నాక నవ్వేశాడు. "ఓస్, పాటేగదా! పోయి మళ్లా పాడించుకోండి. కాళియమ్మ యాడికి పోతాది? నేను చెప్పినానని చెప్పు, ఎంతసేపైనా పాడతాది."

మరుసటి రోజు ఇద్దరం బైకు మీద తుంబలహళ్లి బయల్దేరాం. వాణ్ని తీసుకుపొమ్మన్నది అమ్మ. గేమ్ చూపించడానికి మునిరాజ్ ల్యాప్‌టాప్ వాడి వీపు మీద, వాడి మీద మంట నా కడుపులో. స్పీడ్ బ్రేకర్లన్నీ నా నడుముకే వదిలాడు.

కాళియమ్మ ఇంటి ముందు అరుగు మీద కూర్చొని చింతపండు కొట్టి గింజలు తీస్తోంది. పక్కిళ్ల ఆడవాళ్లు కూడా ఎవరి వాకిట్లో వాళ్లు అదే పనిలో ఉన్నారు. మమ్మల్ని చూసి కొంగు సర్దుకొని లేచింది.

"ఏం పాపా, ఇంత దూరం వచ్చినారు? పెద్దాయన బాగుండారా?"

ఆ కాలనీలో మా నాయన పేరు ఎవరూ పలకరు. అందరికీ ఆయన పెద్దాయనే.

"కాళియమ్మక్కా, నువ్వు పాడిన పాట పోయింది."

"పాట యాడికి పోతాది?"

"పాతలో కలిసిపోయింది." చెప్పడం మొదలుపెట్టాక గాని ఎంత వెర్రిమొర్రిగా ఉందో నాకు తెలియలేదు. ఆమె నవ్వింది. "పాతా పాటా ఒగటేనా మీ మిషన్‌కి? మా మేకకైనా తేడా తెలుసునే," అంది. సెల్వరాణి లోపలి నుంచి రెండు స్టూళ్లు తెచ్చి వేసింది. మళ్లీ పాడటానికి ఆమెకు అభ్యంతరం ఉన్నట్టు లేదు. గొంతు కూడా సవరించుకుంది. అక్కడితో ఫోన్ తీసి నొక్కి ఉంటే పని ఐపోయేది.

"ఇంతకీ ఇది యాడ పెడతారు? ఒగసారి చూపీ రాదా," అంది సెల్వరాణి.

యువరాజ్ ల్యాప్‌టాప్ తెరిచాడు. నా గేమ్ అంటే వాడికి లోపల గర్వమేనని అప్పుడు తెలిసింది. మా లారీ మండీలోంచి కదిలింది. బారూరు చెరువు రంగు ఆకాశం గీశాను, అది చూసి సెల్వరాణి అబ్బ అంది. కనుమ మొదలైంది. బాగా వచ్చిన చోటు చూపిద్దామని వాడు కావాలనే మలుపులో స్టీరింగ్ తిప్పేశాడు. లారీ పక్కకు ఒరిగి, పొర్లి, పెట్టెలన్నీ పగిలి, టమాటాలు రోడ్డంతా దొర్లాయి. ఆ దొర్లడం కోసం నేను నెలల తరబడి కష్టపడ్డాను.

కాళియమ్మ చేతిలో చింతపండు అట్లాగే ఉంది.

"డ్రైవర్ యాడ?" అని అడిగింది.

"మనమే డ్రైవరు," అన్నాడు యువరాజ్. "బయట నుంచి చూస్తా ఉండాము గదా, లోపల బొమ్మ పెట్టలా."

"పక్కన కిలీనరు?"

"వాడూ లేడు."

"మరి గెలిచేది ఎట్ల?"

"పెట్టెలు పగలకుండా సేలం చేరేది. ఎన్ని పెట్టెలు మిగిలితే అన్ని పాయింట్లు."

ఆమె భర్త తిమ్మరాయన్ మా టమాటా లోడు మీద క్లీనరుగా పోయి, ఆ కనుమలోనే లారీ కింద పడి చచ్చిపోయాడు. నేనప్పుడు చిన్నపిల్లను, యువరాజ్ ఉయ్యాల్లో ఉన్నాడు. తెలియని సంగతేమీ కాదు. నా బుర్రలో అదొక మూల ఉండేది, గేమ్ ఇంకో మూల ఉండేది, రెండూ ఎప్పుడూ ఎదురుపడలేదు. వాడు ల్యాప్‌టాప్ మూయబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"తియ్యి నీ ఫోన్," అంది నాతో. "ఆ పాట కాదు. ఇంగొగటి ఉండాది."

"అమ్మా, ఒద్దు," అంది సెల్వరాణి.

"నువ్వుండు."

పెట్టెలు ఎత్తే పాట వరసే అది. అదే ఊపు, అదే బరువు. మాటలు వేరు. తక్కాళి అంటే మా వైపు టమాటా.

*పెట్టెలెన్ని పగిలెనంటివే, అంజనప్పా,*
*పండ్లు ఎంత చితికెనంటివే,*
*దోవ మీద ఎరుపు జూసి, అంజనప్పా,*
*తక్కాళి రసమనుకొంటివే.*

*తాడు ఎవుడు కట్టెనంటివే, అంజనప్పా,*
*తార్పాలు చినిగెనంటివే,*
*పెట్టెలన్ని లెక్క బెట్టి, అంజనప్పా,*
*మనిషినొగని మరిచిపోతివే.*

మొదటి చరణం ముగిసేలోపే పక్క వాకిళ్ల నుంచి ఆడవాళ్లు అందుకున్నారు. మా నాయన పేరు వచ్చిన చోటల్లా అందరూ కలిసి పలికారు. ఎవరూ తడుముకోలేదు, ఎవరూ ఒకరి నోరు ఒకరు చూసుకోలేదు. అప్పుడే పుట్టిన పాటను అట్లా అందుకోలేరు. ఏళ్ల తరబడి పాడుకుంటున్నారు. మా పొలంలోనే, నాయన గట్టు దిగి అటు పోగానే పాడుకొని ఉంటారు. మా పెట్టెలు మా లారీకి అందిస్తూనే పాడుకొని ఉంటారు. ఊరంతటికీ తెలిసిన పాట, మా ఇంటికి ఒక్కదానికే తెలియదు.

పాడటం ఐపోయాక ఆమె మళ్లీ చింతపండు ముందు కూర్చుంది. "పెడితే ఇది పెట్టు. ఆ పేరు కోసినావంటే ఇదీ లేదు, అదీ లేదు. మళ్లా నా దగ్గరికి రావద్దండి." మమ్మల్ని పొమ్మని ఆ కాలనీలో ఎవరూ ఎప్పుడూ అనలేదు. మేం లేచి వచ్చేశాం.

పాలక్కోడు దాటాక బైకు మీద యువరాజ్ నోరు తెరిచాడు. "అక్కా... పేరు వచ్చే చోట హారన్ కొట్టించేస్తే? ఎవురికీ వినపడదు."

"కొట్టించినావంటే నిన్ను ఆ కనుమలోనే తోసేస్తాను."

ఇంటిదాకా స్పీడ్ బ్రేకర్లన్నీ మెల్లగా దాటించాడు.

ఇంటికొచ్చి డిస్క్‌ను రెండుగా కోశాను. ఒక పక్క విండోస్, ఒక పక్క లినక్స్, పాలు పంచుకున్న దాయాదుల్లాగా మధ్యలో గట్టు. వాడు వాడి పక్కన ఆడుకోవచ్చు. కాని వాడు ఆ వారం ఆడలేదు. క్యాబిన్‌లో కూర్చునే డ్రైవర్నీ క్లీనర్నీ గీయడానికి నా పక్కనే కూర్చున్నాడు. అడిగినందుకు కాదు, వాడే వచ్చాడు. గీసినంతసేపూ పోట్లాడుకుంటూనే ఉన్నాం. క్లీనరు చొక్కా రంగు మీద ఒక పూట అన్నాలు మానేశాం. పెట్టెల పాయింట్లు తీసేశాను. లారీ పొర్లితే టమాటాలు దొర్లుతాయి, కాళియమ్మ పాట మొదలవుతుంది, అది ఐపోయేదాకా ఏ మీటా పని చేయదు.

ఆ పాటను స్పీకర్లో పెట్టి సరిచూస్తుండగా నాయన మండీ నుంచి వచ్చాడు. గుమ్మంలో ఆగిపోయాడు. తన పేరు ఒకసారి వినిపించింది, రెండోసారి వినిపించింది. పాట పూర్తయ్యేదాకా అక్కడే నిలబడ్డాడు. ఎవరు పాడారని అడగలేదు. వచ్చి మంచం అంచున కూర్చున్నాడు.

"అడిగినాను," అన్నాడు. "పెట్టెలెన్ని పోయె అని అడిగింది నిజమే. మండీవాడు ఫోన్ మీద ఫోన్ చేసి నా పానం తీసినాడు, ఎన్ని మిగిలె, ఎన్ని మిగిలె అని. వాడు అడిగింది నేను అడిగినాను. తిమ్మరాయను లారీ కింద ఉండాడని నాకు తెలీదు."

"తర్వాత తెలిసింది గదా, నాయనా. అప్పుడు వాళ్లింటికి పోయినావా?"

వంటింటి గుమ్మంలో అమ్మ కూడా ఆ జవాబు కోసమే నిలబడినట్టు నిలబడింది.

"తీసెయ్ దాన్ని," అన్నాడు నాయన.

"తీయను."

"నా ఇంట్లో కూర్చొని, నా కరెంటు కాల్చుకొని, నన్నే ఊరి ముందర పెడతావా? నీకు సిగ్గుండాదా?"

"ఊరికి తెలుసు, నాయనా. నీకే తెలీదు."

ఆయన చెయ్యి పైకి లేచింది. యువరాజ్ కుర్చీలోంచి లేచి నాకూ ఆయనకూ మధ్యలో నిలబడ్డాడు. నాయన చెయ్యి దించుకున్నాడు. గొంతు మార్చి, "సరే, పెట్టుకో. ఎవురైనా అడిగితే మాత్రం, అది సుమ్మా, ఊరికే పాటలో వచ్చే పేరని చెప్పు. నీకు దండం పెడతాను పాపా," అన్నాడు. మా నాయన నన్ను దేనికైనా బతిమాలడం అదే మొదలు. నేను చెబుతాననీ అనలేదు, చెప్పననీ అనలేదు.

బెంగుళూరుకు ఆయన కూడా వచ్చాడు. సామాను మోయడానికని అన్నాడు. ఎవరేమి అడుగుతారో, నేనేమి చెబుతానో చూడటానికే వచ్చాడని ముగ్గురికీ తెలుసు. ఇస్త్రీ చొక్కా వేసుకొని, మా బల్లకు కాస్త దూరంలో ఒక స్తంభం దగ్గర పొద్దున్నుంచీ నిలబడే ఉన్నాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

హాలంతా రొద. ఆడిన పిల్లలు చాలామందికి భాష తెలియదు. లారీ పడగానే వచ్చే పాట విని, బాగుందని ఇంగ్లీషులో అని పోతున్నారు. నాయన ముఖం మెల్లగా తేరుకుంటోంది. మధ్యాహ్నం దాటాక ఒకామె వచ్చి కూర్చుంది. అనంతపురం వైపు మనిషినని, ఇలాంటి గేములను ఎంచి బయటికి తెచ్చే పని తనదని చెప్పుకుంది. హెడ్‌ఫోన్ పెట్టుకొని మెల్లగా, జాగ్రత్తగా నడిపింది. ఐనా కనుమలో లారీ పొర్లింది. పాట మొదలైంది. ఆమె చేతులు మీటల మీద అట్లాగే ఉండిపోయాయి. రెండు చరణాలూ విని, హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.

"ఈ అంజనప్ప ఎవరమ్మా? కల్పించిన పేరా?"

యువరాజ్ నా వైపు చూశాడు. నేను వేలు ఎత్తి చూపించాను.

"కాదండి. మా నాయన. అద్దో, ఆ స్తంభం దగ్గర నిలబడుండాడు."

ఆమె అటు తిరిగింది. ఆ రొదలో నేనన్న మాట నాయనకు వినపడలేదు. ఎవరో పెద్ద మనిషికి నేను తనను చూపిస్తున్నానని మాత్రం కనిపించింది. చొక్కా సర్దుకొని, నవ్వు తెచ్చుకొని, రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు.

ఆమె తిరిగి దండం పెట్టలేదు.